నాయనకి మడత చాకు కొనాల: స్విస్సా, చైనానా, మన దేశందా?

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, ఉదయం 7:40

అన్నలూ, ఒక సలహా కావాల. మా నాయన జేబులో ముప్పై ఏళ్లుగా ఉండిన చాకు పోయిన వారం విరిగింది. స్ప్రింగు ఎప్పుడో వదులైపోయింది, ఇప్పుడు అలుగే పిడి మొదట్లో పుటుక్కుమనింది. రొట్టెల పండగప్పుడు దర్గా దగ్గిర అంగట్లో కొన్నాడంట. కంపెనీ పేరు లేదు, ‘ఇండియా’ అని మాత్రం అరిగిపోయిన అక్షరాలు ఉండేవి.

ఆయనకి అన్నిటికీ అదే చాకు. నిమ్మచెట్లకి ఎండుపుల్లలు తీసేది, కన్ను అంటు కట్టేది (ఒక చెట్టు మొగ్గ తీసి ఇంకో మొక్క బెరడు కింద అతికించేది), డ్రిప్పు పైపు కోసేది, ఎరువు బస్తా కుట్టు తెంచేది, మజ్జానం సద్దిలోకి మామిడికాయ తరుక్కునేది కూడా. ఎడమచెయ్యి వాటం మనిషి, ఎడం జేబులోంచి తీసి పని చేసుకుని మళ్లీ అందులోకే తోసేవాడు. ఈ వారంలో ఆ జేబు కనీసం నలభైసార్లు తడుముకోని ఉంటాడు. చూడలేకపోతున్నా.

2,500 దాకా పెట్టగలను. నెట్‌లో చూస్తే 150 రూపాయల కాడ్నించి 30,000 దాకా ఉండాయి. చైనా వద్దంటాడొకడు, చైనాయే కొనమంటాడు ఇంకొకడు. ఏ దేశంది కొనాల?

కావలి_స్పానర్ · ఆదివారం, 8:15

స్విస్ వాళ్ల విక్టోరినాక్స్ కొనెయ్, ఇంక ఆలోచన పెట్టుకోబాక. 91 మిల్లీమీటర్ల ఎర్ర చాకు పన్నెండేళ్లుగా నా ప్యాంటు జేబులోనే ఉండాది. గ్రీజులో పడింది, డీజిల్లో పడింది, ఒకసారి ఇంట్లోవాళ్లు ప్యాంటుతో పాటు వాషింగ్ మిషన్లో కూడా వేశారు. ఆరబెట్టి రెండు చుక్కలు నూనె వేస్తే మళ్లీ టక్కుమని తెరుచుకునింది. రంపం ఉండే మోడల్ తీసుకో. ఆ రంపం చూస్తే బొమ్మలాగుంటాది గానీ బొటనవేలు లావు నిమ్మకొమ్మ నిమిషంలో తెగుద్ది.

లోపం కూడా చెప్తా. అలుగుకి లాకు లేదు, వెనక స్ప్రింగు బిగువే ఆధారం. మొనతో పొడిచే పని చేశావంటే మడుచుకోని వేళ్ల మీదికొస్తాది. నాకు కుట్లు పడినాయి, రెండు.

డీ2_కుర్రోడు · ఆదివారం, 9:02

అన్నా, స్విస్ వాళ్లది మెత్తటి స్టీలు. ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో కాఠిన్యం 55, 56 దగ్గర ఆగిపోతుంది. అదే డబ్బుకి చైనా చాకు తీసుకుంటే డీ2 అనే రకం స్టీలు వస్తుంది, 60 కాఠిన్యం, అలుగు మడుచుకోకుండా పిడిలోని రేకు ఆపే లైనర్ లాకు, బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది, ఒంటిచేత్తో తెరవొచ్చు. గ్వాంగ్‌డాంగ్‌లో యాంగ్జియాంగ్ అని ఊరు ఊరంతా కత్తుల ఊరే. చైనా అంటే అట్టపెట్టె సరుకు అనుకునే రోజులు పోయాయి. మీరు డబ్బులు కత్తికి కాదు, ఎర్ర పిడి మీద శిలువ బొమ్మకి కడుతున్నారు.

ఒంగోలు_పాత_ఇనుము · ఆదివారం, 11:30

దేశం సంగతి ఎత్తారు గాబట్టి నాకు తెలిసిన రెండు ముచ్చట్లు. చాకులు పోగేయడం నా పిచ్చి. ఇంట్లో ఒక సొరుగు నిండా ఉన్నాయి, ఎన్నున్నాయో మా ఆవిడకి తెలియదు.

స్విస్ సైన్యానికి మొట్టమొదటి మడత చాకులు 1891లో అందాయి. వాటిని చేసింది స్విట్జర్లాండ్ కాదు, జర్మనీలోని జోలింగెన్. అన్ని చాకులు ఒక్కసారిగా చేసి ఇచ్చే స్థోమత అప్పటికి స్విస్ కమ్మర్లకు లేదు. ఇబాఖ్ అనే ఊళ్లో 1884లో పనిశాల పెట్టుకున్న కార్ల్ ఎల్సెనర్‌కి ఇది నచ్చక, తోటి చాకుల పనివాళ్లను కూడగట్టి ఆ ఆర్డరు తమ దేశానికి తెచ్చుకున్నాడు. మనమిప్పుడు స్విస్ చాకు అంటున్న ఆఫీసర్ల చాకు రిజిస్టరయింది 1897 జూన్ 12న. వాళ్లమ్మ పేరు విక్టోరియా, దానికి తుప్పుపట్టని ఉక్కుకు వాడే ‘ఇనాక్స్’ కలిపారు, అదే విక్టోరినాక్స్ అనే పేరయింది.

రెండోది జర్మనీ సంగతి. ఇప్పుడు ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉంటే కళ్లకద్దుకుంటాం. 1887లో బ్రిటిష్ చట్టం ఆ ముద్రను కొట్టించింది జనం కొనకుండా ఉండాలని. జోలింగెన్ వాళ్లు చవక చాకుల మీద ఇంగ్లండులోని చాకుల ఊరు షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని షెఫీల్డ్ వాళ్లు గోల చేశారు, ఏ దేశం సరుకో దాని మీద రాయాల్సిందేనని చట్టం వచ్చింది. కొన్నాళ్లకి అదే ముద్ర పేరుప్రతిష్ఠ అయి కూర్చుంది. ఇప్పుడు జోలింగెన్ పేరును వేరేవాళ్లు వాడకుండా జర్మనీలో చట్టమే ఉంది. అప్పట్లో షెఫీల్డ్ వాళ్లు జర్మనీని అన్న మాటలే ఇవాళ మనం చైనాని అంటున్నాం.

మైపాడు_రొయ్య · ఆదివారం, మధ్యాహ్నం 1:10

కుర్రోడి మాట విని పోయినేడు డీ2 కొన్నా. చెరువు గట్టు మీద మేత బస్తాలు కోసేదానికి. కార్తీకమాసం వానలకి అలుగు నిండా మశూచి పోసినట్టు చుక్కలు. నాది ఉప్పుగాలి, ఉప్పునీళ్లు, ఉప్పు చెయ్యి. పదును బాగుండాది, కాదనను. కానీ తుప్పు గీకేదానికే సరిపోతా ఉంది పొద్దు.

ఇప్పుడు చవక సాదా స్టెయిన్‌లెస్ చాకు ఒకటి గట్టు గుడిసెలో, ఒకటి బండిలో పెట్టినా. నీళ్లలో పడిపోయినా ఏడుపు రాదు.

డీ2_కుర్రోడు · ఆదివారం, 1:25

డీ2లో క్రోమియం 12 శాతం ఉంది అన్నా. స్టెయిన్‌లెస్ అనడానికి పదిన్నర శాతం చాలు. తుడవకుండా పెట్టి ఉంటారు.

కందుకూరు_కొలిమి · ఆదివారం, 3:50

తమ్ముడూ, లెక్క సరే గానీ ఉక్కులో జరిగేది వేరు. డీ2లో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటది. ఆ కర్బనం క్రోమియాన్ని పట్టుకోని గట్టి రవ్వలుగా మారిపోతది. ఆ రవ్వల వల్లే అంచు అంత సేపు నిలబడేది. కానీ రవ్వల్లో ఇరుక్కున్న క్రోమియం తుప్పుని ఆపలేదు. ఆపేది విడిగా మిగిలిందే, అది 12 లేదు. అందుకే డీ2ని అరకొర స్టెయిన్‌లెస్ అంటారు. రొయ్యల చెరువుకి అది పనికిరాదు. దర్శి, కనిగిరి మెట్టలో అయితే ఢోకా లేదు.

మాది మూడు తరాల కమ్మరం. చెప్పొచ్చేదేందంటే, స్టీలు పేరు చూసి, దేశం పేరు చూసి మోసపోవద్దు. పదునంతా కాకలో ఉంటది. ఒకే ఉక్కుని ఒకడు సరిగ్గా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ సన్నటి వేడి మీద కాక దించుతాడు. ఇంకొకడు తొందరపడి దించకుండా వదిలేస్తాడు, అది గాజులాగా పెట్లుతది. ఎక్కువ దించితే సీసంలాగా వంగుతది. మీ నాయన చాకు మొదట్లో విరిగిందంటే ఆ చోట పాత పగులన్నా ఉండాలి, కాకన్నా సరిగ్గా దిగి ఉండకూడదు. విరిగిన చోట ఫోటో పెట్టు. అంచున నల్లగా ఉంటే పాత పగులు, అంతా తెల్లగా మెరిస్తే ఒక్క దెబ్బకి పోయినట్టు.

నేను లారీ కమాన్ పట్టీ ఉక్కుతో కొడవళ్లు, కత్తులు చేస్తా. మడత చాకు మాత్రం చెయ్యను. ఆ స్ప్రింగు, ఆ మేకు, ఆ సందు కుదరాలంటే కొలిమి పని కాదు, గడియారం పని.

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, సాయంత్రం 5:20

చూసినా కొలిమి అన్నా. సగం నల్లగా ఉండాది, సగం తెల్లగా.

కందుకూరు_కొలిమి · ఆదివారం, 5:31

అయితే ఏడాది రెండేళ్ల కిందటే చీలింది. మీ నాయన దాంతో ఏదో పెరికి ఉంటాడు. చాకుని గడ్డపారగా వాడితే ఏ దేశందైనా అంతే.

తమలపాకు_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:45

నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, మాది పొదిలి వైపు. మా తండ్రిగారికి రోజర్స్ చాకు ఒకటి ఉండేది. పెన్సిళ్లు చెక్కడానికి, వక్క చీలికలు తీయడానికి, పోస్టు కవర్లు చించడానికి అదే. ఇంగ్లండు నుంచి వచ్చిందని దానికి మా ఇంట్లో పెద్ద పేరు, పిల్లలం ముట్టుకుంటే వీపు విమానం మోతే. ఈ చర్చ చదివి ఇవాళ బయటికి తీశాను. అలుగు అరిగి సన్నబడిపోయింది కానీ కాగితాన్ని ఇప్పటికీ చప్పుడు లేకుండా కోస్తోంది. దాని విలువ ఎంతుంటుందో ఒంగోలు వారు చెప్పగలరా?

ఒంగోలు_పాత_ఇనుము · ఆదివారం, 9:05

మాస్టారూ, అలుగు మొదట్లో నక్షత్రం, దాని పక్కన మాల్టా శిలువ గుర్తులు ఉన్నాయా? షెఫీల్డ్ జోసెఫ్ రోడ్జర్స్ వారి గుర్తులు అవి. ఇంగ్లీషులో పేరు మధ్యలో ‘డీ’ అక్షరం ఉండాలి, చూడండి.

తమలపాకు_మాస్టారు · ఆదివారం, 9:40

భూతద్దం పెట్టి చూశాను. నక్షత్రం లేదు, శిలువ లేదు. ‘డీ’ కూడా లేదు.

ఒంగోలు_పాత_ఇనుము · ఆదివారం, 9:44

అయితే అది షెఫీల్డ్‌ది కాదండీ. ఆ పేరుకి ఉన్న గిరాకీ చూసి ఎవరో కొట్టుకున్న ముద్ర. మన దేశంలో ఆ కంపెనీ పేరు అంతగా పాకింది మరి.

తమలపాకు_మాస్టారు · ఆదివారం, 10:02

యాభై ఏళ్లు మాకు విమానం మోత మోగించింది నకిలీ చాకా! సరే, కోస్తోంది కదా. మళ్లీ అదే పెట్టెలో పెట్టేశాను. మా తమ్ముడికి చెప్పను.

కావలి_స్పానర్ · సోమవారం, ఉదయం 7:10

నకిలీ అంటే గుర్తొచ్చింది. ఎర్ర చాకు 400కి ఇస్తామంటే నమ్మబాక. మా షాపు పిల్లోడు ఆన్‌లైన్లో ఒకటి తెప్పించినాడు. పెద్ద అలుగు మొదట్లో కంపెనీ పేరు, స్విస్ మేడ్ అనే ముద్ర ఉండాల, దానికి ఏ ముద్రా లేదు. కత్తెర రెండో రోజుకే వదులు. అయస్కాంతం పెట్టి చూసినా అంటుకునింది, ఒరిజినలే అన్నాడు. చాకుల్లో వాడే స్టెయిన్‌లెస్ మంచిదైనా చెడ్డదైనా అయస్కాంతానికి అంటుకుంటాదిరా అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అంగట్లో చేతికి తీసుకుంటే ఇట్టా చూడు. తెరిచి అలుగు కొన పట్టుకోని పక్కలకి ఊపు, లొడలొడ ఉండకూడదు. మూసి పైనుంచి చూస్తే అలుగు సందు మధ్యలో కూర్చోవాల. వెలుతురుకి ఎత్తిపట్టి స్ప్రింగుకీ రేకుకీ నడమ సందు చూడు. ఈ మూడూ బాగుంటే 200 చాకైనా కొనొచ్చు.

మైపాడు_రొయ్య · సోమవారం, 9:30

ఫ్రాన్సు వాళ్ల ఒపినెల్ సంగతి ఎవరూ ఎత్తలేదే? చెక్క పిడి, ఒక్కటే అలుగు, మెడ కాడ ఇత్తడి ఉంగరం ఉండాది, అది తిప్పితే లాకు పడతాది. మా బావమరిది కాడ ఉండాది. సన్నటి అలుగు, మామిడికాయని అద్దంలాగా కోస్తాది. తిప్పలొకటే, వానలో నానిందంటే చెక్క ఉబ్బి అలుగు బయటికి రాదు. ఎండలో పెట్టి బతిమాలాల.

ఒంగోలు_పాత_ఇనుము · సోమవారం, 10:15

ఆ ఉంగరం ఇత్తడి కాదు, ఉక్కుదే. 1955లో వచ్చింది. అంతకుముందు అరవై ఏళ్లకు పైగా లాకు లేకుండానే అమ్మారు. 8వ నంబరు మన చేతికి సరిపోతుంది, అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మామూలు కర్బన ఉక్కుతోనూ వస్తుంది, స్టెయిన్‌లెస్‌తోనూ వస్తుంది. ఆ స్టెయిన్‌లెస్ స్వీడన్ కంపెనీ రకం, 12సీ27. అంటే ఉక్కుకి స్వీడన్ పేరు, చాకుకి ఫ్రాన్సు పేరు. ఇట్లాంటివి ఎన్నో. అమెరికా కంపెనీ స్పైడర్‌కో తీసుకోండి, కొన్ని మోడళ్లు సొంత దేశంలో, కొన్ని జపాన్ సెకిలో, కొన్ని తైవాన్‌లో, టెనేషస్ అనేది చైనాలో చేయిస్తుంది. అదే గుండ్రటి రంధ్రం, అదే సాలీడు బొమ్మ. దేశం పేరు అలుగు మీద సన్నగా రాసి ఉంటుంది, చదువుకునేవాడు చదువుకుంటాడు.

డీ2_కుర్రోడు · సోమవారం, 10:40

నేను మొదట్నుంచీ చెప్పేది అదే కదా! టెనేషస్ బాగుందని అందరూ ఒప్పుకుంటారు. అదే చైనా చాకు మీద చైనా కంపెనీ పేరుంటే మాత్రం ముఖం చిట్లిస్తారు. రామ్‌పురి చాకు గురించి ఎవరూ మాట్లాడరేం? అసలు బటన్ నొక్కితే

వేదిక_నిర్వాహకుడు · సోమవారం, 10:52

బటన్ చాకుల మాట ఇక్కడికి ఆపండి. కుర్రోడి మిగతా వాక్యాలు తీసేశాను. ఇది పొలం పనికి, ఇంటి పనికి చాకు అడిగిన చర్చ.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం అలుగు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉంటే అది ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన పనిముట్లకు మినహాయింపు ఉంది. జేబు చాకులు మూడు నాలుగు అంగుళాలవే కాబట్టి కొలతతో పేచీ రాదు. అలాగని ఎన్నికల సభకీ కోర్టుకీ జేబులో వేసుకెళ్లకండి. విమానంలో అయితే చేతి సంచిలో అసలు వద్దు, సామాను పెట్టెలో వేయండి. మా బంధువు ఒకాయన గోళ్ల కత్తెరున్న చిన్న చాకుని అక్కడి డబ్బాలో పడేసి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

తోటబడి_కనిగిరి · సోమవారం, రాత్రి 7:15

అందరూ స్టీలు మీద పడ్డారు గానీ ఆయన అడిగిన పనుల్లో ముఖ్యమైంది కన్ను అంటు. నేను నర్సరీ నడుపుతాను, బత్తాయి, నిమ్మ అంట్లు కట్టిస్తాను. అంటు కత్తికి పదును ఒక పక్కే ఉండాలి. రెండో పక్క అద్దంలా చదునుగా ఉండి కొమ్మకి ఆనుకుని జారాలి. అప్పుడే కన్ను వెనక చెక్కు సమంగా వస్తుంది, వేరుమొక్క బెరడు కింద సందు లేకుండా కూర్చుంటుంది. రెండు పక్కలా వాలున్న చాకుతో గీస్తే చెక్కు దోనెలాగా వంగుతుంది, మధ్యలో గాలి చేరి కన్ను ఎండుతుంది.

విక్టోరినాక్స్‌లోనే అంటు కత్తులు ఉన్నాయి, మీ బడ్జెట్టులో వస్తుంది. బెరడు విప్పడానికి కొన కూడా ఉంటుంది. జర్మనీ టీనా కంపెనీది ఇంకా గొప్పది కానీ మన లెక్కకి అందదు. చెట్టుకీ చెట్టుకీ నడుమ స్పిరిట్‌తో తుడవమనండి, రోగం ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకే భయం తగ్గుతుంది.

పొదలకూరు_నిమ్మ · సోమవారం, 9:00

ఇదీ మాటంటే. అంటు కత్తి ఆర్డరు పెట్టేసినా. అందరికీ దండాలు.

కందుకూరు_కొలిమి · సోమవారం, 9:20

సైకిలు సానోడికి మాత్రం ఇవ్వబాక. ఆ చక్రం మీద రవ్వలు రాలేంత వత్తితే అంచు నీలం తిరుగుద్ది. నీలం తిరిగిందంటే అంతమేర కాక పోయినట్టే, మళ్లీ సాన పట్టినా గంటలో మొండిదవుద్ది. కార్బొరండం రాయి ఒకటి కొని, నీళ్లు చల్లుకుంటా చేత్తో రుద్దుకోమను. చివర్లో మార్కాపురం పలక ముక్క మీద పది లాగుళ్లు లాగితే అంచు నునుపు తేలుద్ది. మా తాత అట్టనే చేసేవాడు. ఇప్పుడు పలకలు దొరకాలంటే బళ్లో కాదు, మ్యూజియంలో ఎతకాలేమో.

పొదలకూరు_నిమ్మ · తర్వాతి ఆదివారం, ఉదయం 6:30

చాకు వచ్చింది. చూస్తే కళ్లు చెదిరేట్టు ఉండాది. నాయన తెరిచి బొటనవేలి మీద పదును చూసుకుని, ఇదిరా చాకంటే అని తోటలోకి పోయినాడు. అరగంటకి వచ్చి మాట్లాడకుండా నా చేతిలో పెట్టినాడు.

పోయి చూస్తే కోసిన చెక్కులన్నీ దోనెలే. ఎడంచేత్తో గీస్తే చదును పక్క పైకొస్తా ఉంది, వాలు పక్క కొమ్మకి ఆనుతా ఉంది. అలుగు కొయ్యలోకి దిగదు, పైకి లేచిపోతాది. కుడిచేత్తో పట్టుకుంటే నాకు బాగనే వస్తా ఉంది.

తోటబడి_కనిగిరి · ఆదివారం, 7:05

అయ్యో. ఒక పక్క పదును కత్తుల్లో కుడిచేతివి వేరు, ఎడంచేతివి వేరు. అంగట్లో దొరికేవన్నీ కుడివే. మీ నాయనగారిది ఎడమచెయ్యని నాకు తట్టలేదు.

తమలపాకు_మాస్టారు · ఆదివారం, 7:20

మొదటి టపాలోనే ఉంది నాయనా, ఇప్పుడే వెనక్కి వెళ్లి చదివాను. నేను నా రోజర్స్ గొడవలో పడ్డాను, మీరంతా జర్మనీలో ఉన్నారు.

డీ2_కుర్రోడు · ఆదివారం, 7:31

ఒంటిచేత్తో తెరవొచ్చని నేను చెప్పిన చాకు లాకు కూడా కుడి బొటనవేలికే. ఇప్పుడే చూసుకున్నా. సారీ అన్నా.

కందుకూరు_కొలిమి · ఆదివారం, 8:10

దాన్ని ఎడమకి తిప్పమని నా కాడికి తేబాక, మంచి కత్తి పాడవుద్ది. ఒపినెల్ 8వ నంబరు కర్బన ఉక్కుది తెప్పించు. దాని అలుగు సన్నన, అంచుకి రెండు పక్కలా వాలుంటది. నేను రాయి మీద కుడి పక్క వాలు పెంచి, ఎడం చేతికి కొమ్మకి ఆనే పక్కని చదునుకి దగ్గరగా తెస్తా. కర్బన ఉక్కయితే రాయి మీద తొందరగా మాట వింటది. నిమ్మరసానికి రెండు రోజుల్లో నల్లబడతది, భయపడబాకండి, తుప్పు కాదది. ఎర్రగా కనపడితేనే తుప్పు. పని కాగానే తుడిచి కొబ్బరినూనె చుక్క రాయమను. ఉంగరం లాకు ఏ చేతికైనా ఒకటే.

ఒంగోలు_పాత_ఇనుము · ఆదివారం, 8:25

కర్బన ఉక్కుది నా సొరుగులో కొత్తది ఒకటుంది. కొన్న ధరకే ఇస్తాను. ఒకటి తగ్గినా మా ఆవిడ కనిపెట్టలేదు.

పొదలకూరు_నిమ్మ · ఆదివారం, 8:40

ఇయ్యన్నా. మరి ఈ అంటు కత్తిని ఏం చెయ్యాల? పెట్టె చించేసినా, వెనక్కి తీసుకోరు.

తోటబడి_కనిగిరి · ఆదివారం, 8:52

నాకివ్వండి. మా నర్సరీలో అంట్లు కట్టే ఆమెది కుడిచెయ్యే. మంగళవారం పొదలకూరు నిమ్మ మార్కెట్టుకి వస్తున్నాను, డబ్బు పట్టుకొస్తా. మీ నాయనగారు కోసిన ఆ దోనె చెక్కులు కూడా రెండు తీసుకురండి, మా పిల్లలకి చూపించాలి.